ఆంగ్ల పబ్లిక్ స్కూళ్ళు – వ్యవస్థీకృత క్రీడ: నియమం, అర్హత

ప్రవేశిక

ఆట మానవజాతికి కొత్తది కాదు. బంతిని తన్నడం, పరుగు పందెం, కుస్తీ, పడవ పందెం అనేక సమాజాలలో అనాదిగా ఉన్నవే. అయితే ఒకే నియమావళిని దేశమంతటా పాటించడం, ఆ నియమావళిని కాపాడేందుకు ఒక సంఘం ఏర్పడడం, నిర్ణీత సంఖ్యలో ఆటగాళ్ళు నిర్ణీత కాలం పాటు తలపడడం, ఫలితాలను నమోదు చేయడం అనే లక్షణాలు కలిగిన వ్యవస్థీకృత క్రీడ మాత్రం ప్రధానంగా 18, 19 శతాబ్దాల ఇంగ్లండులో రూపుదిద్దుకొన్నది. సంపన్న కుటుంబాల బాలురు చదివిన వసతి పాఠశాలలకు, అంటే అక్కడి వాడుకలో పబ్లిక్ స్కూళ్ళకు, ఈ పరిణామంలో ఎంత పాత్ర ఉన్నదనే విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు.

ఎరిక్ డన్నింగ్, కెన్నెత్ షియర్డ్ 1979లో ప్రచురించిన గ్రంథంలో ఫుట్‌బాల్, రగ్బీ ఆటలు జానపదుల మోటు ఆటల దశ నుండి నియమబద్ధ క్రీడలుగా మారడానికి పబ్లిక్ స్కూళ్ళే ముఖ్య వేదికలని ప్రతిపాదించారు. జె. ఎ. మాంగన్ 1981 నాటి గ్రంథం ఆ పాఠశాలలలో ఆట ఒక నైతిక సిద్ధాంతంగా మారిన క్రమాన్ని వివరించింది. ఇందుకు భిన్నంగా జాన్ గౌల్‌స్టోన్, ఏడ్రియన్ హార్వే వంటి పరిశోధకులు పాఠశాలలతో సంబంధం లేని సామాన్య జనం కూడా 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే ముందుగా ఒప్పుకొన్న షరతులతో, సమాన సంఖ్యలో ఆటగాళ్ళతో ఫుట్‌బాల్ ఆడిన దాఖలాలను వెలికితీశారు.

ఆటను ఎవరు సృష్టించారన్న ప్రశ్న దగ్గర ఆగినంత కాలం ఈ వాదం తెగదు. ఆటను కాగితం మీదికి ఎక్కించవలసిన అవసరం ఎవరికి, ఎందుకు కలిగిందన్న ప్రశ్న అంతకన్నా ఫలవంతమైనది. వసతి పాఠశాలలు క్రీడకు రెండింటిని ఇచ్చాయి. ఒకటి, ఎలా ఆడాలో చెప్పే నియమం. రెండు, ఎవరు ఆడవచ్చునో చెప్పే అర్హత. ఈ రెండూ ఒకే వసతి జీవితం నుండి పుట్టినవే. అనంతర క్రీడా చరిత్రలో చాలా భాగం ఈ రెండూ ఒకదాని నుండి ఒకటి విడివడిన కథ అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆరంభంలోనే ఒక పరిమితిని గుర్తించాలి. క్రికెట్‌కు 1744 నాటికే లిఖిత నియమాలు ఉన్నాయి. ముష్టియుద్ధానికి జాక్ బ్రౌటన్ 1743లో నియమాలు ఏర్పరచాడు. ఇవి పాఠశాలల్లో పుట్టలేదు. పెద్ద మొత్తాలు పందెం కాసిన ప్రభువుల, పోషకుల మధ్య తగాదాలు రాకుండా ఏర్పడినవి. కనుక నియమాన్ని రాయడమనే పనిని పబ్లిక్ స్కూళ్ళు కనిపెట్టలేదు. పందెపు సొమ్ముతో నిమిత్తం లేకుండా, కేవలం సహజీవనం కోసం నియమం రాసుకోవడం వాటి ప్రత్యేకత.

వసతి జీవితం – అధికార సమస్య

పబ్లిక్ అన్న మాట ఇక్కడ భ్రమ కలిగిస్తుంది. 1382లో వించెస్టర్, 1440లో ఈటన్ స్థాపితమైనప్పుడు పేద విద్యార్థులకు ఉచిత విద్య వాటి ఆశయాలలో ఒకటి. కాలక్రమంలో రుసుము చెల్లించే సంపన్నుల పిల్లలు ఆ సంస్థలను ఆక్రమించారు. 1861లో ప్రభుత్వం నియమించిన క్లారెండన్ కమిషన్ తొమ్మిది పాఠశాలలను పరిశీలించి 1864లో నివేదిక ఇచ్చేనాటికి ఈటన్, హారో, వించెస్టర్, రగ్బీ వంటివి పాలకవర్గపు శిక్షణాలయాలుగా స్థిరపడ్డాయి.

18వ శతాబ్దిలోనూ, 19వ శతాబ్ది ఆరంభంలోనూ ఈ పాఠశాలలలో ఉపాధ్యాయుల సంఖ్య స్వల్పం. వారి అధికారం తరగతి గది గడప దాటేది కాదు. గడప బయట పెద్ద విద్యార్థులదే రాజ్యం. చిన్న విద్యార్థి పెద్దవాడి బూట్లు తుడవాలి, రొట్టె కాల్చి పెట్టాలి, పిలిచిన వెంటనే పరుగెత్తాలి. ఫ్యాగింగ్ అనే ఈ ఊడిగం ఆటస్థలంలోనూ కొనసాగేది. ఫుట్‌బాల్ ఆటలో పెద్దలు బంతి వెంట పరుగెత్తుతుంటే చిన్నవాళ్ళు గుంపుగా గోలు దగ్గర చలిలో నిలబడి కాపలా కాయవలసి వచ్చేది. అంటే ఆట అప్పటికి వినోదం మాత్రమే కాదు, బాలుర మధ్య అధికార క్రమానికి ప్రదర్శన కూడా.

ఉపాధ్యాయులు ఆ రాజ్యంలో జోక్యం చేసుకొన్నప్పుడు తిరుగుబాట్లు చెలరేగాయి. 1797లో రగ్బీ విద్యార్థులు ప్రధానోపాధ్యాయుని గది తలుపును మందుగుండుతో పేల్చారు. వారిని లొంగదీయడానికి సైనికులు రావలసి వచ్చింది. 1818లో వించెస్టర్ విద్యార్థులను అణచడానికి కూడా సైన్యాన్ని పిలిచారు. దేశాన్ని ఏలవలసిన వారిగా భావించబడిన బాలురను ఏలడమే అసాధ్యమైన స్థితి అది.

1828 నుండి 1842లో మరణించే వరకు రగ్బీ ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న థామస్ ఆర్నాల్డ్ ఈ సమస్యకు ఒక మార్గం చూపాడు. పెద్ద విద్యార్థుల అధికారాన్ని రద్దు చేయలేదు. దానిని బాధ్యతగా మార్చాడు. పై తరగతి విద్యార్థులు తన తరఫున పాఠశాలను పాలించే ప్రతినిధులు అయ్యారు. ఆధునిక క్రీడకు పితామహుడుగా ఆర్నాల్డ్‌ను కీర్తించడం తరువాతి కాలపు అలవాటు. నిజానికి ఆయనకు ఆటల పట్ల ప్రత్యేకాసక్తి లేదు. మతం, నీతి, విద్య ఆయన లక్ష్యాలు. ఆయన శిష్యుడు థామస్ హ్యూస్ 1857లో ప్రచురించిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవల ఆ కీర్తికి మూలం. అయినా ఆర్నాల్డ్ సంస్కరణకు ఆయన ఊహించని ఒక ఫలితం కలిగింది. తమను తాము పాలించుకోవడం నేర్చిన బాలురు తమ ఆటకు తామే శాసనకర్తలయ్యారు.

మైదానం – నియమం

ఫుట్‌బాల్ అన్న ఒకే పేరుతో ఒక్కొక్క పాఠశాలలో ఒక్కొక్క ఆట ఉండేది. ఆ భేదాలకు స్థలమే తొలి కారణం. లండన్ నడిబొడ్డున పాత మఠంలో ఉన్న చార్టర్‌హౌస్‌లో బాలురు రాతి పరపుల వసారాలలో ఆడేవారు. అక్కడ ఒకరినొకరు పడదోసుకొంటే తలలు పగులుతాయి. కనుక బంతిని కాలితో నడిపించే నేర్పు వృద్ధి చెందింది. రగ్బీ పాఠశాలకు విశాలమైన పచ్చిక మైదానం ఉన్నది. పడినా దెబ్బ తగలదు కనుక పట్టుకోవడం, పడదోయడం ఆటలో భాగమయ్యాయి. ఈటన్‌లో 1717లో కట్టిన ఒక ఇటుక గోడను ఆనుకొని సన్నని పట్టీలో సాగే గోడ ఆట వేరు, బయలులో ఆడే ఆట వేరు. మన ఊళ్ళలో చెడుగుడుకు, కర్రాబిళ్ళకు ఊరికొక లెక్క ఉన్నట్లే అక్కడ బడికొక లెక్క ఉండేది.

ఊరికీ పాఠశాలకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఊరిలో ఆట తెలిసినవారు తరతరాలుగా అక్కడే ఉంటారు. పాఠశాలలో నాలుగైదేళ్ళకొకసారి జనమంతా మారిపోతారు. జ్ఞాపకం మీద ఆధారపడిన నియమం అక్కడ త్వరగా వివాదాస్పదమవుతుంది. 1845 ఆగస్టులో రగ్బీ పాఠశాల పై తరగతి విద్యార్థులు ముగ్గురు 37 నియమాలను రాసి తోటివారి ఆమోదం పొందారు. వారిలో ఒకడు థామస్ ఆర్నాల్డ్ కుమారుడు విలియం డెలాఫీల్డ్ ఆర్నాల్డ్. తరువాతి కాలంలో పంజాబులో ప్రభుత్వ విద్యాశాఖకు అధిపతిగా పనిచేసినవాడు. ఆ పత్రాన్ని చదివి కొత్తవాడు ఆట నేర్చుకోలేడు. అందులో ఉన్నది ఆట వర్ణన కాదు, వివాదాస్పదమైన అంశాలపై తీర్పులు మాత్రమే. చట్టం పుట్టే తీరు ఇదే: అందరూ ఒప్పుకొన్నది వాడుకగా మిగులుతుంది, తగాదా పడినది లిపికెక్కుతుంది. 1847లో ఈటన్ కూడా తన బయలు ఆటకు నియమాలు రాసుకొన్నది.

మార్ల్‌బరో: ఆట పాలనాసాధనమైన వేళ

బాలురు తమకోసం రాసుకొన్న నియమం ఉపాధ్యాయుల చేతిలో పాలనాసాధనంగా మారడం తరువాతి దశ. మతాచార్యుల కుమారుల కోసం 1843లో ఏర్పడిన మార్ల్‌బరో కళాశాల ఇందుకు ప్రధానమైన ఉదాహరణ. తగిన వసతి, ధనం లేకుండా సుమారు 500 మంది బాలురను చేర్చుకొన్న ఆ సంస్థలో ఆటలకు క్రమం లేదు. తీరిక వేళలలో విద్యార్థులు చుట్టుపక్కల పొలాల మీద, అడవుల మీద పడి వేటాడడం, రైతులతో, వేట కాపలాదారులతో తగవులు పడడం పరిపాటి. 1851లో అక్కడ పెద్ద తిరుగుబాటు జరిగింది.

మరుసటి ఏడాది రగ్బీ నుండి జి. ఇ. ఎల్. కాటన్ ప్రధానోపాధ్యాయుడుగా వచ్చాడు. బాలుర తీరిక కాలాన్ని పాఠశాల సరిహద్దులలోనే గడిపించాలని, అందుకు వ్యవస్థీకృతమైన ఆటలు మేలైన మార్గమని ఆయన 1853లో తల్లిదండ్రులకు పంపిన లేఖలో ప్రతిపాదించాడు. బాలురతో కలిసి ఆడగల యువ ఉపాధ్యాయులను నియమించాడు. ఉపాధ్యాయుడు మైదానంలోకి దిగడం వలన అంతవరకు బాలురదైన రాజ్యానికి, ఉపాధ్యాయుల రాజ్యానికి నడుమ ఉన్న గోడ కూలింది. అదే 1853లో సి. జె. వాన్ ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న హారోలో ఆటల నిర్వహణకు ఫిలథ్లెటిక్ క్లబ్ ఏర్పడింది. 1853 నుండి అప్పింగ్‌హామ్‌ను నడిపిన ఎడ్వర్డ్ థ్రింగ్ 1859లో వ్యాయామశాలను ప్రారంభించాడు.

ఈ క్రమాన్ని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆట శీలాన్ని నిర్మిస్తుందన్న సిద్ధాంతం ముందు పుట్టి ఆటలు తరువాత రాలేదు. వందలాది బాలురను సాయంత్రం వరకు కళ్ళెదుట ఉంచుకోవలసిన నిర్వాహక అవసరం ముందు వచ్చింది. ధైర్యం, సహనం, జట్టుకోసం త్యాగం అనే నీతి దానిని సమర్థిస్తూ వెనుక వచ్చింది. 1870ల నాటికి ఆ నీతి తన పుట్టుకను మరచి స్వయంగా లక్ష్యమయింది. ఆటలో మేటి అయిన బాలునికి చదువులో మేటి అయినవానికన్నా ఎక్కువ గౌరవం దక్కే స్థితి ఏర్పడింది. 1902లో రుడ్యార్డ్ కిప్లింగ్ వంటి సామ్రాజ్యవాద కవి సైతం దేశం ఆటల మత్తులో ఉన్నదని తన కవితలో ఎత్తిపొడిచాడు.

పాఠశాల గేటు దాటిన నియమం

భిన్న పాఠశాలల బాలురు ఒకే విశ్వవిద్యాలయంలో కలిసినప్పుడు కొత్త చిక్కు ఎదురైంది. ఈటన్ వాడు తప్పనేదానిని రగ్బీ వాడు ఒప్పనేవాడు. 1848లో కేంబ్రిడ్జిలో 14 మంది విద్యార్థులు సమావేశమై ఉమ్మడి నియమావళిని తయారుచేశారని వారిలో ఒకడైన హెచ్. సి. మాల్డెన్ దాదాపు అర్ధ శతాబ్దం తరువాత రాసిన లేఖ వలన తెలుస్తున్నది. ఈటన్, హారో, రగ్బీ, వించెస్టర్, ష్రూస్‌బరీ పూర్వ విద్యార్థులతో పాటు ఏ పబ్లిక్ స్కూలుకూ చెందని ఇద్దరు అందులో ఉన్నారు. ఆ 1848 ప్రతి నేడు లభించడం లేదు. 1856 ప్రాంతపు ప్రతి ఒకటి ష్రూస్‌బరీ పాఠశాలలో భద్రంగా ఉన్నది.

1863 అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు పాఠశాలల వైఖరి ఆసక్తికరంగా ఉన్నది. తొలి సమావేశానికి హాజరైన పాఠశాల ప్రతినిధి చార్టర్‌హౌస్ వాడొక్కడే. అతడు సైతం సభ్యత్వం తీసుకోలేదు. తక్కిన పెద్ద పాఠశాలలు తమ ఆటను వదులుకోవడానికి ఇష్టపడలేదు. సంఘ స్థాపనకు పూనుకొన్న ఎబెనేజర్ కాబ్ మోర్లీ హల్ నగరంలో పుట్టి లండన్‌లో స్థిరపడిన న్యాయవాది; పబ్లిక్ స్కూలులో చదివినవాడు కాడు. అంటే నియమాన్ని రాసే అలవాటు పాఠశాలలదైనా, దానిని దేశానికంతటికీ ఉమ్మడి చేయాలన్న సంకల్పం వాటి వెలుపలి నుండి వచ్చింది.

ఆ సమావేశాలలో అసలైన వివాదం రెండు అంశాల మీద నడిచింది. బంతిని చేతపట్టి పరుగెత్తవచ్చునా? ప్రత్యర్థి మోకాలి కింది ఎముక మీద బూటుతో తన్నవచ్చునా? హ్యాకింగ్ అనే ఈ రెండవ ఆచారాన్ని తీసివేస్తే ఆటలోని పౌరుషం పోతుందని బ్లాక్‌హీత్ క్లబ్ ప్రతినిధి ఎఫ్. ఎం. కాంప్‌బెల్ వాదించాడు. మర్నాడు ఉద్యోగానికో వ్యాపారానికో పోవలసిన వారు కాళ్ళు విరగ్గొట్టుకోలేరన్నది అవతలి పక్షపు వాదం. పాఠశాల బాలుని శరీరానికీ, జీవనోపాధి ఉన్న పెద్దవాని శరీరానికీ ఉన్న తేడా ఇక్కడ చట్టమయింది. ఆ ఏడాది డిసెంబరులో ఆమోదించిన 13 నియమాలు రెండింటినీ నిషేధించాయి, బ్లాక్‌హీత్ తప్పుకొన్నది. 1871 జనవరిలో 21 క్లబ్బులతో ఏర్పడిన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ బంతిని చేతపట్టడాన్ని నిలుపుకొన్నది కానీ హ్యాకింగ్‌ను తానూ నిషేధించింది. ఆ నియమాలను రాసినవారు రగ్బీ పాఠశాలలో చదివిన న్యాయవాదులే కావడం గమనార్హం.

పోటీ పద్ధతికి కూడా పాఠశాలలోనే మూలం కనిపిస్తుంది. హారోలో ఒక్కొక్క వసతి గృహం ఒక జట్టుగా, ఓడిన జట్టు తప్పుకొంటూ సాగే పోటీ ఉండేది. హారో పూర్వ విద్యార్థి, ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్లెస్ ఆల్కాక్ 1871లో ఎఫ్. ఎ. కప్‌ను ప్రతిపాదించినప్పుడు ఆ పద్ధతినే దేశవ్యాప్తం చేశాడు. 1872 మార్చి 16న లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగిన తొలి తుది పోటీలో వాండరర్స్ జట్టు రాయల్ ఇంజనీర్స్ మీద 1–0 తేడాతో గెలిచింది. నేడు ప్రపంచమంతటా పరిచితమైన నాకౌట్ పద్ధతికి ఫుట్‌బాల్‌లో దారి వేసింది ఈ వసతి గృహాల పోటీయే.

ఇంతమాత్రాన సర్వం పాఠశాలలదే అనడం సరికాదు. ఉక్కు పరిశ్రమకు పేరొందిన షెఫీల్డ్ నగరంలో 1857లో నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ ఒక ఫుట్‌బాల్ క్లబ్‌ను స్థాపించి మరుసటి ఏడాది సొంత నియమాలు రాసుకొన్నారు. లండన్ సంఘం కన్నా ఆరేళ్ళు ముందు పుట్టిన ఆ క్లబ్ నేటికీ ఉన్నది. మూల నుండి బంతిని తన్నే కార్నర్ కిక్ షెఫీల్డ్ నియమాల నుండే 1872లో లండన్ నియమావళిలోకి వచ్చింది. కనుక ఫుట్‌బాల్ నియమావళి ఒక పాఠశాల నుండి కారిన ధార కాదు, పలు వాగులు కలిసిన ఏరు.

అర్హత అనే గేటు

నియమంతో పాటు పాఠశాలల నుండి బయటికి వచ్చిన రెండవది అర్హత. సొమ్ము ఆశించకుండా ఆటకోసమే ఆడేవాడు అమెచ్యూర్. అతడే నిజమైన క్రీడాకారుడు అన్నది దాని సారం. వినడానికి ఉదాత్తంగా ఉన్న ఈ భావన ఆచరణలో ఏమి చేసిందో 1866లో ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ నిర్వచనం బయటపెడుతుంది. యంత్రకారులను, చేతివృత్తులవారిని, కూలీలను ఆ క్లబ్ అమెచ్యూర్లుగా అంగీకరించలేదు. ఆటకు సొమ్ము తీసుకొన్నాడా అన్నది కాక, బ్రతుకుతెరువు కోసం చేతులతో పనిచేస్తాడా అన్నది ప్రశ్న అయింది. 1880లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ ఆ నిబంధనను తొలగించింది. పడవ పందేలలో అది మరికొంత కాలం నిలిచింది.

ఫుట్‌బాల్‌లో ఈ గేటు త్వరగా కూలింది. 1879, 1882లలో కప్ గెలిచిన ఓల్డ్ ఈటోనియన్స్, అంటే ఈటన్ పూర్వ విద్యార్థుల జట్టు, 1883 తుది పోటీలో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ చేతిలో 1–2 తేడాతో ఓడింది. విజేతలలో నేతపనివారు, ఇనుప పోత కార్మికులు ఉన్నారు. స్థానిక పోత కర్మాగార యజమాని ధనసహాయంతో పోటీకి ముందు ఆ జట్టు బ్లాక్‌పూల్‌లో ప్రత్యేక శిక్షణ పొందింది. పెద్దమనుషుల దృష్టిలో అది ఆటధర్మానికి విరుద్ధం. ఆ తరువాత పూర్వ విద్యార్థుల జట్లు ఆ కప్‌ను మళ్ళీ గెలవలేదు. 1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ వృత్తి క్రీడాకారులను నియంత్రణలతో అనుమతించింది. 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ ప్రారంభమయింది.

రగ్బీ యూనియన్ మాత్రం గేటు తెరవలేదు. ఉత్తర ఇంగ్లండులోని గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్ చెల్లించాలన్న కోరికను యూనియన్ తిరస్కరించింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో 20కి పైగా ఉత్తరాది క్లబ్బులు విడిపోయి నార్తర్న్ యూనియన్‌ను స్థాపించాయి; నేటి రగ్బీ లీగ్ దాని సంతతి. ఒక పూట కూలి దగ్గర ఒక ఆట రెండుగా చీలింది.

సరిగ్గా అదే ఏడాది రగ్బీ పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం తమ ఆట పుట్టుకపై విచారణ చేపట్టడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. 1823లో విలియం వెబ్ ఎలిస్ అనే విద్యార్థి నాటి నియమాన్ని లెక్కచేయక బంతిని చేతపట్టి పరుగెత్తి రగ్బీ ఆటకు ఆద్యుడయ్యాడన్న కథకు ఆధారం మాథ్యూ బ్లాక్సమ్ 1876లో రాసిన లేఖ. అప్పటికి ఎలిస్ మరణించి నాలుగేళ్ళయింది. విచారణలో ప్రత్యక్ష సాక్షి ఒక్కడూ దొరకలేదు. అయినా 1900లో పాఠశాల గోడ మీద శిలాఫలకం వెలసింది. 1987 నుండి రగ్బీ ప్రపంచకప్ ఆయన పేరు మోస్తున్నది. ఆట చేజారిపోతున్న తరుణంలో దాని పుట్టుక మీద హక్కును రాతిలో చెక్కించుకొన్న ప్రయత్నంగా డన్నింగ్, షియర్డ్ ఈ ఉదంతాన్ని వ్యాఖ్యానించారు. రగ్బీ యూనియన్ వృత్తి క్రీడాకారులను అనుమతించినది 1995లో, చీలిక జరిగిన సరిగ్గా నూరేళ్ళకు. క్రికెట్‌లో పెద్దమనుషులు, వృత్తి ఆటగాళ్ళు అన్న విభజన 1962 చివరిలో రద్దయింది.

ఇదే అర్హతాభావం అంతర్జాతీయ వేదికకూ ఎక్కింది. ఫ్రెంచి ప్రభువంశీయుడు పియర్ ద కూబర్టాన్ హ్యూస్ నవల ప్రభావంతో 1880లలో ఇంగ్లండు పాఠశాలలను సందర్శించి, ఆర్నాల్డ్‌ను క్రీడావిద్యకు ప్రవక్తగా ఊహించుకొన్నాడు. 1894లో పారిస్‌లో ఆయన ఏర్పరచిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అమెచ్యూర్ సిద్ధాంతాన్ని దీర్ఘకాలం పాటించింది. ఒక నవల కల్పించిన ఆర్నాల్డ్, చరిత్రలోని ఆర్నాల్డ్ కన్నా బలవంతుడయ్యాడు.

భారతదేశంలో ప్రతిధ్వని

మార్ల్‌బరోలో ఆటలను వ్యవస్థీకరించిన కాటన్ 1858లో కలకత్తా బిషప్‌గా నియమితుడై భారతదేశానికి వచ్చాడు. 1859లో సిమ్లా పాఠశాలకు పునాది వేశాడు. 1866లో కుష్టియా వద్ద నదిలో పడి మరణించాడు. సిమ్లా, బెంగుళూరు పాఠశాలలు నేటికీ ఆయన పేరుతో నడుస్తున్నాయి. స్వదేశీ సంస్థానాధీశుల కుమారుల కోసం రాజకోటలో రాజకుమార కళాశాల 1870లో, అజ్మీరులో మేయో కళాశాల 1875లో పనిచేయనారంభించాయి. రాజకోటలో చెస్టర్ మెక్‌నాటెన్ వద్ద చదివిన రంజిత్‌సిన్హ్‌జీ కేంబ్రిడ్జి మీదుగా ఇంగ్లండు జట్టులో చేరి 1896లో మాంచెస్టర్‌లో తన తొలి టెస్టులోనే 154 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు.

ఇక్కడ ఆట ఎదుర్కొన్న అడ్డంకులు వేరు. 1890లో శ్రీనగర్ మిషన్ పాఠశాలకు వచ్చిన టిండేల్ బిస్కో మరుసటి ఏడాది తోలు బంతిని తెచ్చినప్పుడు పండితుల పిల్లలు దానిని తాకడానికి నిరాకరించారు. ఉపాధ్యాయుల చేతి కర్రల నడుమ తొలి ఆట సాగింది. అది వసతి పాఠశాల కాదు. అయినా పబ్లిక్ స్కూలు ఆదర్శం వలసపాలనలో బలవంతపు సంస్కరణగా మారిన తీరుకు ఆ ఘటన నిదర్శనం.

తెలుగు మూలాలున్న ఇద్దరి కథలో నియమానికీ అర్హతకూ నడుమ వైరుధ్యం మరింత స్పష్టం. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన సి. కె. నాయుడు ఆటలోని ప్రతిభతో ఎదిగినవాడు. 1932 ఇంగ్లండు పర్యటనకు నాయకుడుగా పోరుబందర్ మహారాజు, ఉపనాయకుడుగా లింబ్డీ రాజవంశీయుడు నియమితులయ్యారు. మహారాజు స్వయంగా తప్పుకోవడం, ఉపనాయకుడు గాయపడడం వలన లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు నాయుడు నాయకుడయ్యాడు. నాలుగేళ్ళ తరువాత 1936 పర్యటనకు విజయనగర రాజవంశానికి చెందిన మహారాజకుమార విజయానంద గజపతిరాజు నాయకుడయ్యాడు. మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హేలీబరీలోను చదివిన ఆయన జట్టులో అనుభవజ్ఞుడైన నాయుడు కేవలం ఆటగాడు. ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులకు ముందే వెనక్కి పంపారు. భారత జట్టు మూడు టెస్టులలో రెండింటిలో ఓడింది. పరుగులను లెక్కించే నియమం ఇద్దరికీ ఒక్కటే. నాయకుని ఎన్నుకొన్న కొలమానం మాత్రం ఆటలోనిది కాదు.

ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు మూడు. మొదటిది, వసతి పాఠశాలలు ఆటలను సృష్టించలేదు. తరచుగా మారిపోయే బాలుర సమూహం కలిసి బతకవలసి రావడం వలన ఆటలకు లిఖిత రూపం ఇచ్చాయి. రెండవది, ఆట శీలాన్ని నిర్మిస్తుందన్న సిద్ధాంతం పాఠశాలలలో అధికార సమస్యకు కనుగొన్న పరిష్కారం నుండి పుట్టింది. మూడవది, నియమం, అర్హత జంటగా పాఠశాల గేటు దాటాయి; నియమం అందరిదీ అయింది, అర్హత కొందరి చేతిలో మిగిలి, ఒక్కొక్క ఆటలో ఒక్కొక్క కాలంలో ఓడిపోయింది. కాగితం మీద రాసిన నియమానికి ఒక గుణం ఉన్నది. అది చదవగలిగిన ప్రతివాడికీ వర్తిస్తుంది. బ్లాక్‌బర్న్ నేతపనివారు ఈటన్ పెద్దమనుషులను ఓడించగలిగినది ఆ పెద్దమనుషుల తరగతి రూపొందించిన నియమాల ప్రకారమే.

వసతి పాఠశాల అనే సాధనం కూడా తన పుట్టుకకు కట్టుబడి ఉండనక్కరలేదు. హైదరాబాదులో జాగీర్దార్ల కుమారుల కోసం 1923లో వెలసిన జాగీర్దార్ కళాశాల 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది. 2014 మే నెలలో 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టును అధిరోహించిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. పిల్లలు ఒకేచోట ఉండి, ఒకే వేళకు లేచి, కలిసి సాధన చేయడమనే పద్ధతి రెండు చోట్లా ఒక్కటే. మారినది గేటు లోపలికి ఎవరిని రానిచ్చారన్నదే. క్రీడా చరిత్రను పరిశీలించేవారు విజేతల పట్టికతో పాటు ఆ గేటు చరిత్రను కూడా చదవవలసి ఉన్నది.